లారీ కదిలేలోగా

టైరు మార్చడానికి గంట పడుతుందన్నాడు డ్రైవరు. జాకీ సరిగ్గా పనిచేయడం లేదట, ఇంకొకటి తేవడానికి మనిషి బస్టాండు వైపు వెళ్ళాడట. సరే, గంట. ఆ గంటలోపల ఆనందమ్మ ఒక్క మాట చెప్పాలి, ఔననో కాదనో. చర్చి మెట్ల మీద కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుని, పడీ పడనట్టు పడుతున్న తుంపరలో ఆ లారీనే చూస్తోంది. లారీ నిండా బియ్యం మూటలు, పాత చీరలు, దుప్పట్లు, మందుల పెట్టెలు, వాటి మీద టార్పాలిన్. అక్కడ దివిసీమలో సముద్రం లేచి ఊళ్ళకు ఊళ్ళను మింగేసిందని రేడియోలో చెప్తున్నారు, శవాలు ఎత్తడానికి మనుషులు చాలడం లేదంటున్నారు, తిరుపతిలో ఈ సంఘం వాళ్ళు తమ వంతుగా ఈ లారీ బయలుదేరదీశారు. దాంట్లో వెళ్ళే నర్సు పిల్లల్లో ఆనందమ్మ కూతురు దయామణి ఒకతె. పెళ్ళికాని పిల్లలు రావాలంటే కన్నవాళ్ళు వచ్చి తమ నోటితో ఒప్పుకోవాల్సిందేనని పాస్టరయ్యగారు పట్టుబట్టారు. మంచి నియమం పెట్టావు నాయనా, నీ కడుపు చల్లగుండ, అనుకుంది ఆనందమ్మ. కాదని చెప్పడానికే ఆమె మేకలను పక్కింటి మునెమ్మకు అప్పజెప్పి, పూతలపట్టు అవతల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది.

మరి వచ్చీ రాగానే చెప్పేయక ఈ మెట్ల మీద ఎందుకు కూర్చుంది? నోట్లో మాట నోట్లోనే ఉంది, దారి పొడుగునా నమిలి నమిలి మెత్తగా చేసుకున్న మాట. చంద్రగిరి కోట కనపడేసరికి ఇంకొంచెం పదును కూడా పెట్టింది. నాకుండేది నువ్వొక్కదానివి, నిన్ను పంపితే నాకు దిక్కెవరు, అని. కానీ దయామణి తల్లిని చూడగానే లారీ మీద నుంచి గబుక్కున దూకి, చేతిలో సంచి అందుకుని, చెంబుతో నీళ్ళిచ్చి, ఆమె తాగేదాకా ఆగి ఒకటే మాట అంది. "నువ్వు వద్దంటే రానుమా. అయ్యగారికి కూడా అదే చెప్పినా. నీ మీద కోపం పెట్టుకోను." అని మళ్ళీ మూటలు సర్దడానికి వెళ్ళిపోయింది. కొట్లాడి ఉంటే బాగుండేది. ఏడ్చి, మొండికేసి, నీకు నామీద ప్రేమ లేదని అరిచి ఉంటే ఆనందమ్మ కూడా అరిచేది, ఆ అరుపుల్లో కాదు అన్న మాట దానంతటది బయటపడేది. కోపం పెట్టుకోను అన్న మనిషిని ఏం చేస్తాం? ఈ పిల్ల ఎవరి పోలిక? ఎవరి పోలికో తెలుసు. తెలుసు కాబట్టే కదా వణుకు.

కొండ మబ్బుల్లో ఎక్కడుందో తెలియడం లేదు. గుండ్లు చేయించుకున్న యాత్రికులు పసుపు తలల మీద తువ్వాళ్ళు కప్పుకుని గోడ అవతల గుంపుగా పోతున్నారు, వాళ్ళలో ఒక తల్లి చంకలో బిడ్డ, బిడ్డకూ గుండు. అందరికీ ఎవరో ఒకరు చంకలోనో పక్కనో ఉన్నారు. డ్రైవరు ఇంజను ఆడుతోందో లేదో చూద్దామని ఒక్కసారి స్టార్టు చేశాడు. నల్లటి పొగ మెట్లదాకా వచ్చింది. ఆ వాసన తగిలిందంటే చాలు, ఎక్కడున్నా ఆనందమ్మ ఆ బావి గట్టు మీదికి పోయి నిలబడుతుంది. నీళ్ళు అడుగుకు పోయిన ఏడు. పై నుంచి లాగలేక ఆయిలింజనును బావి లోపల అరుగు మీదికి దింపారు. పొగ పైకి రాదు, లోపలే సుడి తిరుగుతుంది. ఇంజను ఆపడానికి దిగిన రైతు వరదయ్య దిగినచోటే కూలబడ్డాడు. గట్టు మీద ఆయన అన్నదమ్ములు, పాలివాళ్ళు, అందరూ కేకలు పెడుతున్నారే గాని ఒక్కరూ దిగలేదు. దిగింది వెంకటముని. ఆనందమ్మ మొగుడు. ఆ చేలో కూలికి పోయిన మనిషి, పేట మనిషి, ఆ బావిలో నీళ్ళు తన చేత్తో ముంచుకుని తాగే హక్కు లేని మనిషి. తువ్వాలు తడిపి మూతికి కట్టుకుని దిగాడు, వరదయ్యకు తాడు కట్టాడు, లాగండప్పా అని అరిచాడు. వాళ్ళు లాగారు. తాడు విప్పి మళ్ళీ కిందికి వేసేసరికి అందుకోవడానికి ఆయన లేడు, మెట్టుకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడట. తాడు ఒకటే ఉంది కదా, ముందు తను కట్టుకుని ఉంటే? ఎన్ని రాత్రులు ఆ తాడును ఆయన నడుముకు కట్టి పైకి లాగిందో ఆనందమ్మ. ప్రతిసారీ వచ్చేశాడు. తెల్లారితే లేడు.

సమాధి దగ్గర అప్పటి అయ్యగారు ప్రేమ గురించి చాలా చక్కగా ప్రసంగం చేశారు. పేటంతా ఏడ్చింది. రైతులు కూడా దూరంగా నిలబడి తలలు వంచారు. ఆనందమ్మకు మాత్రం చెవుల్లో ఏదో మూసుకుపోయింది. ఆయన్ను అంత గొప్పగా పొగుడుతున్నారే, ఆ గొప్పతనంలో నేనెక్కడ, ఈ ఆరేళ్ళ పిల్ల ఎక్కడ? ఊరోడి ప్రాణం గుర్తొచ్చింది, పెళ్ళాం బిడ్డలు గుర్తు రాలేదా ఆ నిమిషంలో? దేవుణ్ణి వదిలేసిందని కాదు. ఆదివారం ఆదివారం పోయేది, మోకరించేది, పాటల్లో గొంతు కలిపేది. కానీ ఇక ఎవరికీ ఏమీ ఇవ్వకూడదని లోపల ఎక్కడో ఒక గడియ వేసుకుంది. ఆ సంగతి దేవుడికి కూడా చెప్పలేదు. ఆయనకు తెలియదన్నట్టు.

పిడికెడు బియ్యం సంగతే చూడు. సంఘంలో ప్రతి ఆడమనిషీ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం మూట కట్టి తెచ్చి చర్చిలో బల్ల ముందు పోస్తారు. లేని ఇంట్లో కూడా ఆ కుండ ఉంటుంది. మొగుడు పోయాక ఆనందమ్మ కొన్నాళ్ళు మానేసింది, ఉపదేశి భార్య వచ్చి మెల్లగా గుర్తుచేసింది, సరే అనక తప్పలేదు. అనేసి ఒక ఉపాయం చేసింది. తన చెయ్యి పొలం పని చేసిన పెద్ద చెయ్యి, దాంట్లో చాలా బియ్యం పడుతుంది. పిల్లను పిలిచింది. రామ్మా, దేవుడికి నువ్వు తీయి, అంది. ఆరేళ్ళ పిడికిలిలో ఎన్ని గింజలు పడతాయి? అందులోనూ సగం వేళ్ళ సందుల్లోంచి జారి మళ్ళీ చేటలోకే వచ్చేవి. సంఘంలో ఆడవాళ్ళు మురిసిపోయారు, చూడండమ్మా, మొగుణ్ణి పోగొట్టుకుని కూడా బిడ్డను ఎట్లా పెంచుతోందో, ఇప్పట్నుంచే ఇవ్వడం నేర్పుతోంది అని. ఆ మెచ్చుకోలును కూడా ఆనందమ్మ తల వంచుకుని తీసుకుంది. ఒక్కోసారి తలుచుకుని నవ్వుకునేది కూడా. దేవుడి దగ్గర కొలతలో మోసం చేసిన మనిషికి పేటలో భక్తురాలని పేరు.

తమాషా ఏమిటంటే ఆ పిల్ల నిజంగానే నేర్చుకుంది. తల్లి చేసింది దొంగ ఉపాయమని దానికేం తెలుసు? దేవుడు తనకొక పని ఇచ్చాడనుకుంది. ఆడుకుంటున్నది కూడా ఎసరు శబ్దం వింటే పరిగెత్తుకొచ్చేది. కొంచెం పెద్దదయ్యాక ఒక కరువు రోజున, ఉన్నదే ఇద్దరికీ చాలని రోజున, పిడికెడు తీసి ఆగి ఇంకో పిడికెడు తీసింది. ఆనందమ్మ వీపు మీద ఒకటి వేసింది. పిల్ల ఏడవలేదు. నాది తగ్గించి పెట్టుమా, అంది. మధ్యాహ్నం నిజంగానే సగం తిని కంచం కడిగేసుకుంది. ఆ కడిగిన కంచం చూసి ఆనందమ్మకు భయం వేసింది, కోపం కాదు, భయం. ఆ మనిషి బావిలో పోయాడనుకుంటే ఇదిగో ఇక్కడ తిరిగి వచ్చి కూర్చున్నాడు, సగం తిని లేచాడు. అప్పట్నుంచి కాపలా కాయడమే ఆమెకు పని అయింది. బడి నుంచి ఆలస్యమైతే కాపలా, ఎవరింట్లోనైనా జబ్బంటే కాపలా. నర్సు చదువు చదువుతానంటే ఉద్యోగం వస్తుంది గదా, ముసలితనంలో నన్ను చూసుకుంటుంది గదా అని ఒప్పుకుంది. తీరా చేసి తిరుపతికొచ్చి పిల్ల ఏం చేస్తోంది? చర్చి వెనక గోడవారన గుడిసెలో ఉండే సుబ్బులమ్మ అనే పూలమ్మే ముసలిదానికి, మనవాళ్ళూ కాదు, సంఘపు మనిషీ కాదు, దాని కాలి మీది పుండు రోజూ కడిగి కట్టు కడుతోంది. ఊళ్ళో కన్నతల్లి మోకాళ్ళకు నూనె రాసే దిక్కు లేదు. ఎవరికో కడగడానికి మాత్రం తీరిక ఉంది. ఇప్పుడు ఆ ఎవరో చాలక సముద్రం ఒడ్డున ఇంకా ఎవరెవరో.

జాకీ వచ్చింది. లారీ ఒక పక్క కొంచెం కొంచెంగా లేస్తోంది. కింద తల దూర్చి బోల్టులు తిప్పుతున్న మనిషిని ఆనందమ్మ చూడనట్టు చూస్తోంది. వరదయ్య. తువ్వాలు నడుముకు బిగించాడు, చేతుల నిండా మడ్డి. ఈ లారీలో బెల్లం బుట్టలు అతని గానుగ నుంచి వచ్చినవే. వాటిని చేర్చడానికి వచ్చి, దయామణి సంగతి తెలుసుకుని, తిరిగి ఊరికొచ్చి ఆనందమ్మ వాకిట్లో చెప్పిందీ అతనే. పొద్దున ఒకే బస్సులో వచ్చారు, అతను ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో, ఒక్క మాట లేదు. ఆ బావి తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. పేట మనిషిని అక్కా అని పిలిచే రైతు ఆ ఊళ్ళో అతనొక్కడే, ఏటేటా గానుగ ఆడగానే మొదటి బెల్లం దిమ్మె తెచ్చి ఆమె గడప పక్కన పెట్టి పోతాడు. ఆనందమ్మ ముట్టుకోదు. చీమలు పట్టి, వాన పడి కరిగి పోవాల్సిందే. ఏటేటా పట్టే ఆ చీమల బారును చూస్తే ఆమెకు ఏదో తృప్తి. ఏం తృప్తో. అతను పీల్చే ప్రతి ఊపిరీ తన ఇంట్లోంచి ఎత్తుకుపోయినదే అనిపించేది.

ఇప్పుడు అతను చేతులు తుడుచుకుంటూ మెట్ల దగ్గరికి వస్తున్నాడు. కొంచెం దూరంలోనే ఆగిపోయాడు.

"అక్కా, నేనూ ఈ లారీలో పోతాండా" అన్నాడు. "ఆడ శవాలెత్తను మనుషులు లేరంట. వెంకటమునెన్న నాకు తాడు కట్టినప్పుడు నాకు తెలివి లేదు. కూటికి కూసున్నప్పుడల్లా అడుగుతానే ఉండా, ఈ పానం నాకెందుకిచ్చినావన్నా అని. ఇంతవరకూ దేనికీ పనికి రాలేదు. పాపను పంపమని చెప్పను నాకు నోరు లేదు. నువ్వు పంపకపోయినా తప్పు లేదు." తల వంచుకుని మళ్ళీ టైరు దగ్గరికి పోయాడు.

ఆనందమ్మ ఆ వీపును చూసింది. నెరిసిన వెంట్రుకలు మెడ మీద. అప్పుడు కుర్రవాడు, ఇప్పుడు నడుము కొంచెం వంగింది. ఆయన బతికుంటే ఆయనకూ ఇట్లాగే నెరిసేవి. ఇన్నేళ్ళూ ఈ మనిషిని చూసినప్పుడల్లా పోయినదే కనపడింది గాని, ఆయన చివరిసారి చేసిన పని ఇదిగో, కాళ్ళ మీద నిలబడి టైరు బిగిస్తోందని ఎప్పుడూ అనుకోలేదే. ఆయన చేతులు ఆఖరుగా పట్టుకున్నది ఈ వీపునే. గుమ్మంలో చీమలకు వేసింది ఎవరి కష్టాన్ని? ప్రార్థన చేద్దామనుకుంది, అలవాటు కొద్దీ నోటికొచ్చింది, ప్రభువా, నా బిడ్డను కాపాడు, నా ఇల్లు కాపాడు, నా మోకాళ్ళు. నా, నా, నా. అంతకు మించి ఇంకో ప్రార్థన రాదు ఆమెకు. అక్కడ నీళ్ళలో పోయినవాళ్ళ కోసం ఒక్క మాట అందామనుకుంటే ఒక్కరి పేరూ తెలియదు. చెట్టు కొమ్మల్లో చిక్కుకున్న ఆడవాళ్ళు దొరికారని, బిడ్డను కొంగుతో గుండెకు కట్టుకునే పోయిందొకతె అని రేడియో విన్నవాళ్ళు చెప్పుకున్నారు. గట్టిగా పట్టుకుంటే దక్కుతుందనుకుంటున్నావే ఆనందమ్మా, ఆ తల్లి వదులుగా కట్టుకుందా?

సరే, కాదంటాను, తర్వాత? బిడ్డ వెనక్కి వస్తుంది. తప్పకుండా వస్తుంది, మాట తప్పే పిల్ల కాదు. సాయంత్రం బస్సులో పక్కనే కూర్చుంటుంది, ఇంటికొచ్చి పొయ్యి వెలిగిస్తుంది, మోకాళ్ళకు నూనె రాస్తుంది, కోపం కూడా పెట్టుకోదు. సగం తిని కంచం కడుక్కుంటుంది. ఆ ఇంట్లో తాను కాపలా కాస్తున్నది ఎవరిని? తాను ప్రేమ అని పేరు పెట్టుకున్నది ప్రేమ కాదనీ, ముసలితనానికి దాచుకున్న గాదె అనీ ఆనందమ్మకు అప్పుడు తెలిసింది. తెలిసి సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. కాదని ఎవరికైనా చెప్పుకుందామా అంటే వినడానికి పక్కన ఎవరూ లేరు. దేవుడు ఒక్కడున్నాడు, ఆయనకు ముందే తెలుసు. ఆయన ఇన్నాళ్ళూ ఏమీ అనలేదు, ఇప్పుడూ ఏమీ అనడం లేదు. ఆ మౌనంలో కూర్చోవడం తిట్టించుకోవడం కన్నా కష్టంగా ఉంది.

టైరు బిగించడం అయిపోయింది. జాకీ దించారు. పిల్లలు ఒక్కొక్కరే లారీ ఎక్కుతున్నారు, దయామణి మాత్రం కిందే నిలబడి ఉంది, చేతిలో సంచి పట్టుకుని, ఎటు పోవాలన్నా సిద్ధంగా. పాస్టరయ్యగారు మెట్ల దగ్గరికి వచ్చి, ఏమంటావమ్మా అన్నారు. తొందరపెట్టలేదు. ఆనందమ్మ లేచింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. దారంతా నమిలిన మాట ఇప్పుడు వెతికినా నోట్లో దొరకలేదు.

"పోయిరానీలెండి అయ్యా" అంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

దయామణి వచ్చి తల్లి చేతులు పట్టుకుంది. సుబ్బులవ్వ పుండు రోజూ కడగకపోతే పురుగు పడుతుందట, తనతో చదివే పిల్లలందరూ లారీలోనే వస్తున్నారట, ఇక్కడ సంఘంలో ఎవరికైనా ఒక మాట చెప్పి పొమ్మంది. సరేలే, చెప్తాలే, ఎక్కు ముందు, అంది ఆనందమ్మ. లారీ కదిలింది. వెనక బెల్లం బుట్టల మధ్య వరదయ్య ముడుచుకుని కూర్చున్నాడు. ఆనందమ్మ లారీ పక్కనే నాలుగడుగులు నడిచింది. "వరదయ్యా, ఆడ నీళ్ళు కాంచకుండా తాగొద్దు" అంది. అతను చేతులు జోడించాడు. గేటు దాటి లారీ మలుపు తిరిగింది. మలుపు తిరిగాక ఆమె ఏడ్చింది, గేటు పట్టుకుని, చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండా.

ఎవరికి చెప్పాలి? సంఘపు ఆడవాళ్ళు ఇళ్ళకు పోయారు. ముసలిదాన్ని ఒకసారి చూసి, ఫలానావాళ్ళు వస్తారవ్వా అని చెప్పి బస్సెక్కుదామనుకుంటూ చర్చి వెనక్కి నడిచింది. గుడిసె లోపల చీకటి, వాన తడి, దాని కింద ఇంకో వాసన. ఎవరది, పాపా? అంది సుబ్బులమ్మ. పాప అమ్మను, అంది ఆనందమ్మ. పాప దివిసీమకు పోయిన సంగతి చెప్పింది. ముసలిది వింది. పోనీలే తల్లీ, ఆడుండే వాళ్ళకు ఇంగా కష్టం, అని తన కాలును గోనె కిందికి లాక్కుంది, కనపడకుండా. ఆ లాక్కోవడం చూసి ఆనందమ్మ వాకిట్లోకి పోయి మూడు రాళ్ళ మీద నీళ్ళు పెట్టింది. కట్టు విప్పేటప్పుడు బయటికి పోయి గోడ పట్టుకుని కక్కుకుంది, నోరు కడుక్కుని మళ్ళీ లోపలికి వచ్చింది. నీళ్ళు మరీ వేడి, అని ముసలిది కసిరింది. చన్నీళ్ళు కలిపింది. గుడ్డ అట్ల లాగితే చర్మం ఊడొస్తాది, తడిపి తియ్యి, అంది. తడిపి తీసింది. తానేదో పుణ్యం చేస్తున్నట్టు అనిపించలేదు ఆనందమ్మకు. చేతకాని పని చేతకానట్టే చేస్తున్నానని మాత్రం తెలుస్తోంది. కట్టు కట్టడం పూర్తయ్యేసరికి వీపంతా చెమట.

"పాప పొద్దునొకతూరి మాపునొకతూరి వచ్చేది" అంది సుబ్బులమ్మ. గోనె పైకి లాక్కుని, "నీ బస్సు పోతాదేమో సూడు. నాకేం కాదులే" అంది.

ఆనందమ్మ గుడిసె చుట్టూ చూసింది. ముసలిది పడుకున్న చాప పక్కన మూర వెడల్పు కూడా లేదు. చెంగుతో చేతులు తుడుచుకుంది.

"రవ్వంత అటు జరుగవ్వా" అంది.